మొలతాడు కింద వేలు

మా మత్తు మేడమ్ పోయారు. మొన్న ఉదయం ధవళేశ్వరంలో మా ఇంటి ముందు స్కూటర్ తీస్తుంటే ఐసీయూ హెడ్ సిస్టర్ ఫోన్ చేసి, "మేడమ్ గారు నిద్రలోనే వెళ్ళిపోయారటండి" అంది. "ఏ మేడమ్?" అని అడిగాను. తెలిసే అడిగాను. రాజమండ్రిలో మేము పనిచేసిన ఆసుపత్రిలో ఎంతమంది మేడమ్‌లున్నా, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా ఉత్త మేడమ్ అంటే ఆవిడొక్కరే. స్కూటర్‌కి స్టాండ్ వేసి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.

మత్తు డాక్టరంటే ఆపరేషన్‌కి ముందు సూది పొడిచి వెళ్ళిపోయే మనిషని చాలామంది అనుకుంటారు. ప్రాణం మీదకొచ్చి ఐసీయూలో పడ్డవాళ్ళని గట్టెక్కించే పని కూడా చాలాచోట్ల మాదే. ఆ పని నాకు మేడమ్ దగ్గర మూడేళ్ళలో వచ్చింది. ఊరికే రాలేదు, తిట్లతో వచ్చింది.

ఆవిడ స్పృహలో లేని పేషెంట్లని కూడా 'అండీ' అనేవారు. "ఏవండీ, కొంచెం పక్కకి తిప్పుతున్నామండి, ఏమనుకోకండి" అని చెప్పిగానీ చెయ్యి వేసేవారు కాదు. మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఎవరైనా ఆత్రేయపురం పూతరేకులు తెస్తే, తింటూ పంచదార పొడంతా నా కేస్ షీట్ మీద రాల్చి, "తుడుచుకో, తియ్యగా ఉంటుంది" అనేవారు. మగ పేషెంటు పొట్ట చూడాల్సి వస్తే ముందు స్టెతస్కోపు తీసేవారు కాదు. మొలతాడు కిందకి చూపుడు వేలు పోనిచ్చి చూసేవారు. అదేం పరీక్షో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పాతకాలపు అలవాటు కాబోలనుకున్నాను.

రెండో ఏడాదిలో సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. వేటకి వెళ్ళే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. క్లోమం వాచిపోయింది. బీపీ పడిపోతుంటే సెలైన్ మీద సెలైన్ ఎక్కించాను. అది చాలక, రక్తనాళాలు బిగించి బీపీ లేపే నార్‌అడ్రినలిన్ పెంచుకుంటూ పోయాను. రెండో రోజు ఉదయానికి మానిటర్ మీద అంకె చక్కగా నిలబడింది. నేను నిలబెట్టిన బీపీ చూసి నేనే మురిసిపోతున్నాను.

పది గంటలకి మేడమ్ రౌండ్స్‌కి వచ్చారు. "బీపీ బాగుంది మేడమ్" అన్నాను, ఎవరూ అడగకముందే. ఆవిడ దుప్పటి తీసి మొలతాడు మీద వేలు పెట్టారు. వేలు దూరలేదు. తాడు చర్మంలోకి దిగబడిపోయింది.

"మూత్రం ఎంతొచ్చిందమ్మాయ్?"

నేను చార్టు వెతుక్కున్నాను. రాత్రి నుంచీ తగ్గిపోతూ ఉంది. ఒంటికి రక్తం సరిగ్గా అందకపోతే పెరిగే లాక్టేటు కూడా పెరుగుతూ ఉంది. రెండూ నేను రాసుకున్నవే. రాశానుగానీ చూడలేదు. మేడమ్ మూత్రం గొట్టం ద్వారా పొట్ట లోపలి ఒత్తిడి కొలిపించారు. పద్దెనిమిది. పన్నెండు దాటితేనే జాగ్రత్త పడాలి.

"బీపీ మనకి కనపడుతుంది. పేగుకి రక్తం అందుతోందో లేదో కనపడదు. పొట్ట బిగిసింది, రక్తం వెళ్ళే దారులు నలుగుతున్నాయి. నువ్వేమో అవసరానికి మించి మందు పోసి వాటిని ఇంకా బిగిస్తున్నావు. పేగు చచ్చిపోతే ఈ అంకెని ఏం చేసుకుంటావు?" అన్నారు. అప్పుడే సిస్టర్ పిలిస్తే లోపలికొచ్చిన పేషెంటు భార్య ఎదురుగా అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సిస్టర్ కత్తెర తీసి మొలతాడు మీద పెట్టబోయింది. ఆ భార్య పరుగున వచ్చి చెయ్యి పట్టేసుకుంది. "కత్తెర పెట్టకండి! మొగోడికి తాడు తెంపేది ఎప్పుడో మీకు తెలీదేంటండి?"

మనిషి పోయాకే తెంపుతారని తెలిసీ నేను విసుక్కోబోయాను. మేడమ్ నన్ను ఆపి, "తెంపం తల్లీ, విప్పుతాం" అన్నారు. ఉప్పునీళ్ళలో నాని నాని ఆ ముడి రాయిలా ఉంది. ఒకపక్క సిస్టర్ ముక్కు గొట్టం వేసి పొట్టలో గాలి, నీళ్ళు లాగుతోంది. స్కాన్ మిషన్ రావాలి. ఆలోగా మేడమ్ జడపిన్ను తీసి, ఓపిగ్గా ముడి విప్పారు. గాజుగుడ్డ బ్యాండేజీ పేలిక ఒకటి వదులుగా కట్టి, "ఇది ఆసుపత్రి మొలతాడు. ఇంటికెళ్ళేదాకా ఇదే" అన్నారు. ఏడుస్తూనే ఆ భార్య నవ్వింది. తర్వాత నాతో మెల్లగా, "తాడు విప్పితే పొట్ట తగ్గదు. పొట్ట బిగుస్తోందని ఆ తాడు నిన్నటి నుంచీ చెబుతూనే ఉంది, మనం వినలేదు" అన్నారు.

స్కాన్ చూస్తూ సూదితో పొట్టలో నీళ్ళు తీశారు. సెలైన్ బాగా తగ్గించారు, నా నార్‌అడ్రినలిన్‌ని అవసరమైనంత వరకూ దించారు. గుండె కూడా నీరసంగా కొట్టుకుంటోందని ఆ స్కాన్లోనే తెలిసింది. అప్పుడు డోబుటమిన్ అనే మందు కొద్ది మోతాదులో పెడదామన్నారు. పెట్టేముందు ఆ భార్యని కుర్చీలో కూర్చోబెట్టి తనూ ఎదురుగా కూర్చున్నారు.

"ఈ మందు గుండెకి బలమిస్తుంది. పొట్ట బిగిసినప్పుడు పేగు లోపలి పొరకి రక్తం పెంచుతుందని జంతువుల్లో చూశారు. మనుషుల్లో అంత గట్టిగా తెలీదమ్మా. గుండె దడ రావచ్చు, కనిపెట్టుకుని ఉంటాం. ఒత్తిడి తగ్గకపోతే పొట్ట కోసి తెరవాల్సి రావచ్చు."

"మీరెలా చెబితే అలాగేనండి."

"అలా అంటే కుదరదు. నీకేం అర్థమైందో చెప్పు."

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "పొట్ట బిగిసి పేగుకి రక్తం అందట్లేదండి. బిగుతు తగ్గిస్తున్నారు. గుండెని కొంచెం గట్టిగా తొయ్యమని మందిస్తున్నారు. అది పేగు దాకా వెళ్తదో లేదో మీకూ పూర్తిగా తెలీదు. అంతేనాండి?"

"అంతే. నాకంటే బాగా చెప్పావు" అన్నారు మేడమ్. బయటికొచ్చాక, అంత పెద్ద డాక్టరు 'తెలీదు' అంటే వాళ్ళు బెదిరిపోరా అని అడిగాను. "తెలీదని చెప్పడానికే ఇంత చదివానమ్మాయ్" అన్నారు.

ఆ రోజంతా గంట గంటకీ ఆ ఆసుపత్రి మొలతాడు కింద వేలు పెట్టి చూశాను. మందు పని చేసిందో, నీళ్ళు తీయడమే పని చేసిందో, రెండూ కలిసో ఇప్పటికీ చెప్పలేను. సాయంత్రానికి మూత్రం పెరిగింది. మర్నాటికి లాక్టేటు దిగడం మొదలైంది. ఆపరేషన్ అవసరం రాలేదు.

వారం తర్వాత ఈ కేసు గురించి డాక్టర్లందరి ముందూ మాట్లాడాల్సి వచ్చింది. నా పేరు వస్తుందని చెమటలు పట్టాయి. మేడమ్ లేచి, "పొట్ట కొలవడంలో నేను ఆలస్యం చేశాను" అని చెప్పి కూర్చున్నారు. నా తప్పు తన నెత్తిన వేసుకున్నారని నేనూ చెప్పలేదు, ఆవిడా మళ్ళీ ఎత్తలేదు. ఇవాళ చెబుతున్నాను. ఆలస్యం చేసింది నేను. ఆ ఒక్క మాటతో ఆవిడ నన్ను ఈ పనిలో ఉంచారు. ఆ తర్వాత నా చేతి మీదుగా ఇంటికి నడిచి వెళ్ళిన ప్రతి మనిషి వెనకా ఆవిడ ఉన్నారు. బతికుండగా ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పలేకపోయినందుకు సిగ్గుగా ఉంది.

ఇవాళ నాకు గుర్తొచ్చేది ఆ పేషెంటు వచ్చిన మూడో రోజు ఉదయం. ఆయన పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి మేడమ్ చాలాసేపు విన్నారు. చెవుల్లోంచి తీసి, పక్కనే నిలబడ్డ ఆయన భార్య చెవులకి పెట్టారు. ఆవిడ మొదట బిత్తరపోయి, తర్వాత మంచం మీదకి వంగిపోయింది. "ఏదో గుడగుడమంటోందండి" అంది.

"అది పేగేనమ్మా, మళ్ళీ పని..." అని మేడమ్ ఏదో చెప్పబోయారు. ఆవిడ కళ్ళు మూసుకునే, ఊరుకోమన్నట్టు చెయ్యెత్తింది. మేడమ్ ఊరుకున్నారు. ఇంకా ఏడు మంచాలు చూడాలి. స్టెతస్కోపు తిరిగి అడగకుండా, ఆవిడ వినడం అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.