దుప్పటి కప్పిన లాగరు

నా జుట్టు ఇంకా నా నెత్తిమీదే ఉన్న ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడైతే మా ఆవిడ ఒక్క చూపుతో సరిచేస్తుంది గానీ, అప్పటికి ఆ సదుపాయం లేదు. ఐర్లండు వచ్చి ఏడాదైంది. లీక్స్‌లిప్‌లో అక్కా బావల అద్దె ఇంట్లో చిన్న గది నాది. ఉద్యోగం మందుల ఫ్యాక్టరీలో, అదీ పులియబెట్టే విభాగంలో. మనిషి మునిగిపోయేంత స్టీలు ట్యాంకులు, వాటికి వేడి ఓ పిసరు ఎక్కువైతే నా ముందున్న స్క్రీను కుయ్యోమనేది, నేను ఓ మీట నొక్కితే ఊరుకునేది. (ఆ మీట ఎవరు నొక్కినా ఊరుకుంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) ఆ ఒక్క మీట చూసుకుని నేను పడ్డ గర్వం ఇంతా అంతా కాదు.

ఆ ఏడాది మా ఇంట్లో అందరి గుండెల మీదా ఒకటే బరువు. అక్కకి ఏడో నెల. లీజు ఏమో మార్చి ఆఖరుకి అయిపోతుంది. ఇంటి ఓనరు మేనల్లుడు ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చేస్తున్నాడనీ, ఇల్లు అతనికే ఇస్తారనీ పక్కింటావిడ చెవిన వేసింది. డబ్లిన్ చుట్టుపక్కల అద్దె ఇల్లు వెతికినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక్క ఇల్లు ఖాళీ అయితే చూడ్డానికి వచ్చినవాళ్ల వరస సందు మలుపు తిరుగుతుంది. నిండు కడుపుతో అక్క ఆ వరసలో నిలబడ్డం తలుచుకుంటే బావకి అన్నం దిగేది కాదు. పాపం, క్లోనీలో డేటా సెంటర్లో పగలంతా మిషన్లు వేడెక్కకుండా చూసి వచ్చి, రాత్రంతా తను వేడెక్కేవాడు.

ఓనరుకి మేం పెట్టుకున్న పేరు గ్రాండాయన. ఇక్కడివాళ్ల నోట గ్రాండ్ అంటే బావుందనీ, సరేననీ, ఫరవాలేదనీ. వాన పడితే గ్రాండ్, ఎండ కాస్తే గ్రాండ్, బాయిలరు చచ్చిపోయిందని ఫోన్ చేసినా ముందు గ్రాండ్ అని, ఆ తర్వాతే ఏమైందని అడిగేవాడు. తాగడం మాత్రం ఒకటే లాగరు, ఇక్కడ ఏ పబ్బులో చూసినా ముందు కనపడే బీరు. వేరేది పోస్తే గ్లాసు పక్కకి జరిపేసేవాడని వినికిడి. ఓ రోజు బావ కళ్లు మెరిశాయి. "బామ్మర్దీ, అచ్చం అదే లాగరు మన చేత్తో చేసి, లీజు మాట్లాడే రోజున గ్లాసులో పోసి ఇచ్చామనుకో. మనసు కరగదంటావా?" అన్నాడు.

"ఇదీ ఒక పనేనా బావా? చిటికెలో దించేస్తా," అన్నాను.

దించెయ్యడానికి కిట్టు దొరుకుతుంది. మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ పాకం డబ్బా, చేదు కోసం వేసే హాప్స్ పూల పొట్లం, పులియబెట్టే ఈస్ట్, మూత మీద గాలి పోవడానికి చిన్న గొట్టం పెట్టిన ప్లాస్టిక్ బక్కెట్టు. అక్క ముక్కు మూసుకుని, "నా గిన్నెలు ముట్టుకోవద్దు, నాకేం చెప్పొద్దు, ఆదివారం చర్చికి ఆ కంపుతో రావద్దు," అని మూడు షరతులు పెట్టి గదిలోకి వెళ్లిపోయింది. చిక్కల్లా అత్తయ్యతో వచ్చింది. అత్తయ్యంటే బావ వాళ్లమ్మ, కోడలి పురుడు కోసం తెనాలి నుంచి వచ్చింది, మందు పేరెత్తితేనే ప్రార్థన మొదలుపెట్టే మనిషి. పాకం మరుగుతుంటే వెనకాల నిలబడి, "ఏంట్రా అబ్బాయ్ అది?" అంది. బావ గరిటె తిప్పుతూ, "బార్లీ అమ్మా, ఓనరుగారి కోసం," అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. అత్తయ్య మొహం వికసించింది. "మంచి పని చేస్తున్నారు. బార్లీ ఒంటికి చలవ," అంది.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. (విసుక్కోకండి, నాకున్నదే అంత.) లాగరు చలిలో, నింపాదిగా, వారాల తరబడి పులవాలి. వెచ్చదనం తగిలిందా, రుచి పాడు. అందుకని ఫిబ్రవరి చలిలో పెరటి షెడ్డులో పెట్టి, "నేను చెప్పేదాకా ఎవరూ ఆ తలుపు తియ్యకూడదు," అని ఆర్డరు వేశాను. నా ఆర్డరు నేను, బావ, అక్క తు.చ. తప్పకుండా పాటించాం.

అత్తయ్య మాత్రం రోజూ బట్టలు ఆరేసే వంకన వెళ్లి బక్కెట్టుకి చెవి ఆనించి వచ్చేది. "ఒరేయ్ అబ్బాయ్, అది చలికి బిగుసుకుపోయింది. చప్పుడే లేదు."

"దానికి చలే కావాలి అత్తయ్యా."

"పులవడానికి చలి కావాలా? ఎవరైనా వింటే నవ్విపోతారు. నలభై ఏళ్లుగా పిండి పులియబెడుతున్నాను, నాకు చెప్తున్నావా?"

"మా ఫ్యాక్టరీలో..." అని ఎత్తుకునేలోపే ఆవిడ పప్పు నానబొయ్యడానికి వెళ్లిపోయింది.

లీజు మాటలకి ఇంకా మూడు వారాలుందనగా, ఓ శనివారం పొద్దున్నే గ్రాండాయన ఫోను. ఇటువైపు వచ్చాను, ఓసారి తొంగిచూసి పోతానన్నాడు. లాగరు తయారవలేదు, మా దగ్గర ఇంకో ఎత్తూ లేదు. టీ పెట్టాం. అత్తయ్య, "వందనాలు బాబూ," అని రెండు చేతులూ జోడించి, జంతికల పళ్లెం ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఆయన సోఫాలో కూర్చుని టీకప్పు తిప్పుతూ, మొహమాటంగా, "మా చెల్లెలి కొడుకు తిరిగొస్తున్నాడు. ఆ విషయమే..." అని మొదలుపెట్టాడు. అక్క చెయ్యి కడుపు మీదికి వెళ్లింది. బావ మొహం తెల్లకాగితం.

సరిగ్గా అప్పుడు ఆయన బట్టతల మీద టప్‌మని ఓ చుక్క పడింది.

ఆయన తడుముకుని పైకి చూశాడు. మేమూ చూశాం. సీలింగు మీద గోధుమరంగు మరక, మా కళ్లముందే పెద్దదవుతోంది. "అరెరె, పైన నీళ్ల ట్యాంకు కారుతోంది! మార్చమని ప్లంబరుకి ఎప్పుడో చెప్పాను. తప్పు నాదే," అని నొచ్చుకుంటూ మెట్లెక్కాడు. వేణ్ణీళ్ల ట్యాంకు ఉండే ఆ పైఅలమరని ఇక్కడ హాట్‌ప్రెస్ అంటారు. అందులో వీళ్లు తువ్వాళ్లు వెచ్చబెట్టుకుంటారు. మన తెలుగువాళ్లం దోసెల పిండి పెట్టుకుంటాం. మెట్ల మధ్యకి వచ్చేసరికే నా ముక్కుకి ఏదో తగిలింది. బావ నా చెయ్యి నొక్కాడు. ఆయన తలుపు తీశాడు.

పిండి గిన్నె పక్కన, అక్క పెళ్లినాటి ఉన్ని దుప్పటి కప్పుకుని, నా బక్కెట్టు! మూత ఓ పక్కకి ఎగిరిపోయింది. నురగ తువ్వాళ్ల మీంచి, హాస్పిటల్ డ్యూటీకి అక్క వేసుకునే యూనిఫారాల మీంచి, కింద చెక్కల సందుల్లోకి కారిపోతోంది. లోపలికి చలిగాలి పోతుందని గొట్టం పీకేసి, ఆ కన్నంలో గుడ్డపేలిక బిగించి కుక్కి ఉంది. (ముందురోజు అత్తయ్యే పైకి మోసుకొచ్చి, నీరసంగా ఉందని ఓ బెల్లం ముక్క కూడా వేసిందట. అది తర్వాత తెలిసింది.) ఇల్లు పోయింది, నా చేతుల మీదుగానే పోయింది అనుకున్నాను.

చప్పుడు విని అత్తయ్య ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "స్తోత్రం ప్రభువా! పొంగిందా! చెప్పలేదుట్రా? వెచ్చగా పెడితే పులవకుండా ఎక్కడికి పోతుంది!" అంటూ చేతిలోని స్టీలు గ్లాసుని బక్కెట్టులో ముంచి, కొంగుతో అడుగు తుడిచి, రెండు చేతులతో ఆయనకి అందించింది. "తాగు బాబూ. నీకోసమే చేశారు పిల్లలు."

ఆయనకి తెలుగు రాదు. కానీ పెద్దావిడ రెండు చేతులతో ఇస్తే ఏ దేశంవాడైనా ఏం చేస్తాడు? తాగాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తాగాడు. గ్లాసులోంచి, వెచ్చగా పులిసి పాడైన లాగరుకి వచ్చే అరటిపండు వాసన మా దాకా వస్తోంది.

"గ్రాండ్," అన్నాడు. ఏ గ్రాండో మాకు అంతుపట్టలేదు. మెట్ల మీద చతికిలబడి, నవ్వాపుకుంటూ, "ఇది నేను తాగే లాగరే అయ్యుండాలి కదూ? బాబులూ, దీనికి చలి కావాలి. బయట షెడ్డు ఉండగా ఇక్కడెందుకు పెట్టారు?" అన్నాడు.

నిజం నోటిదాకా వచ్చింది. కానీ అత్తయ్య మా పక్కనే, కొడుకు పరీక్ష పాసైనంత సంతోషంగా నిలబడి ఉంది. బావ నా వైపు చూశాడు. "మాకు తెలీలేదండీ," అన్నాన్నేను, పులియబెట్టే విభాగంవాణ్ణి.

"ఏమంటున్నాడ్రా?" అంది అత్తయ్య.

"ఇంత బాగా పులిసింది ఎక్కడా తాగలేదంటున్నారు అత్తయ్యా."

"మరి!" అంది.

గ్రాండాయన గ్లాసు ఖాళీ చేసి, కిందికొచ్చి, కోటు తొడుక్కుని, గుమ్మం దగ్గర ఆగి అక్కని అడిగాడు, పాప ఎప్పుడని. ఏప్రిల్ అంది అక్క. ఆయన సీలింగు వైపు ఓసారి చూశాడు. "పాప వచ్చేలోపు ఆ మరక మీద రంగు వేయించండి. కావాలంటే నా పెయింటరు నంబరు ఇస్తాను," అని, జేబులో రెండు జంతికలు వేసుకుని కారెక్కాడు. కారు మలుపు తిరిగాక గానీ ఆ మాటకి అర్థం, ఏప్రిల్లోనూ ఈ ఇల్లు మాదేనని, మాకు తట్టలేదు. తట్టాక అక్క సోఫాలో కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి, యూనిఫారాల కోసం మా ఇద్దర్నీ తిట్టింది.

ఇప్పుడు నేను చెర్రీవుడ్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. లాగరు కోసమే ఓ చిన్న ఫ్రిజ్, వేడి కొలిచే యంత్రం ఉన్నాయి. పోయిన ఏడాది ఆ పబ్బు లాగరు అచ్చు గుద్దినట్టు దించాను, కళ్లు మూసుకుని తాగిన స్నేహితులు తేడా చెప్పలేకపోయారు. నేను ఓ గ్లాసు తాగి ఊరుకున్నాను. అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అత్తయ్యకి మోకాళ్లు పోయాయి, ఇక ఇటు రాలేదు. వీడియో కాల్‌లో మాత్రం ప్రతిసారీ అడుగుతుంది. "బార్లీ చేస్తున్నావట్రా? చలిలో పెట్టట్లేదు కదా?"

"లేదత్తయ్యా, దుప్పటి కప్పాను," అంటాను.

మొన్న మాత్రం ఫోను పెట్టేశాక ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, ఓ చిన్న బక్కెట్టు బయటికి తీసి, బెల్లం ముక్క వేసి, నిజంగానే దుప్పటి కప్పాను. గొట్టం మాత్రం పీకలేదు. మరీ అంత ధైర్యం రాలేదు.