విమానం ఆగిన పూట

మా మేనమామ పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా అందింది. రెండో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఉప్పుగూడ నుంచి మా పక్కింటాయన సైకిలు మీద వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, పిల్లల వంక ఒకసారి చూసి, చెప్పులు విడిచాడు. బడి గుమ్మం ముందు ఎవరూ చెప్పులు విడవరు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

మా నాన్న పోయినప్పుడు అమ్మనూ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నవాడు మామ. ఇరుగుపొరుగు గొణుగుతున్నా నన్ను చదివించి, ఛత్రినాక బడిలో పంతులమ్మను చేసినవాడూ ఆయనే. అబిడ్స్‌లో ఒక హోటల్లో గుమాస్తాగా ఉండేవాడు. అది పొట్టకూటి పని. ఆయన ప్రాణమంతా ఇంకో పనిలో ఉండేది. బేగంపేటలో విమానం ఆగిపోయి, పూటంతా ఏం చేయాలో తోచక కూర్చున్న ప్రయాణికులకు ఆయన మా ఊరు చూపించేవాడు. విమానాల ఆఫీసువాళ్ళు హోటలుకు ఫోన్ చేసేవారు. మామ గొడుగు చంకన పెట్టుకుని, కారు మాట్లాడుకుని బయల్దేరేవాడు.

చార్మినార్‌ను కూడా వేలితో చూపించేవాడు కాదు. "మనిషిని వేలు వెట్టి చూపెడ్తమా? ఊరు గూడ గంతే" అని అరచెయ్యి చాపేవాడు. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. వెంట ఉన్న దొరలు కూడా కాసేపటికి అలాగే తాగేవారట. నవాబుల కథలు అడిగితే నవ్వుతూ చెప్పేవాడు. కానీ సంస్థానం చివరి రోజుల మతాల లొల్లి గురించి ఎవరైనా అడిగితే, "అదంతా అయిపోయిందండీ" అని మాట తప్పించేవాడు. కారు ఎప్పుడూ పోనివ్వని గల్లీలు కొన్ని ఉండేవి. ఎందుకని నేను అడిగితే, "ఊరికి చెవులుంటయి బిడ్డా. మనం ఊకుంటేనే అది ఊకుంటది" అన్నాడు.

ఆయన గురించి చెప్పాలంటే నాకు ఒక్క పూటే గుర్తుకొస్తుంది. అది తెలియకూడని ఒక పెద్దమనిషి ఈమధ్యనే గతించాడు కనుక ఇప్పుడు చెప్పవచ్చు. పేర్లు మాత్రం చెప్పను.

ఎండాకాలం చివర. బడికి సెలవులు. పొద్దున్నుంచే మబ్బు పట్టి, గాలి ఆడక, ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుంది. మామ హోటలు నుంచి హడావుడిగా ఇంటికొచ్చాడు.

"బిడ్డా, నువ్వు గూడ నడువు. మద్రాసు నుంచి నాగపూరు పోయే విమానం చెడిపోయింది, సాయంత్రం దాక లేవదంట. ఒక్క ఆడమనిషి ఊరు చూస్తనంటుంది. నేనొక్కణ్ణే కార్ల తిప్పితే ఆమెకు ఇబ్బంది."

ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. ఎర్ర అంచు ఖద్దరు చీర, పెద్ద బొట్టు. తోలు సంచీ ఒకటి కడుపుకు అదుముకుని కూర్చుంది. నాగపూరులో కూతురి కాన్పుకు పోతున్నానని చెప్పింది. మాట మా మాటే. పుట్టింది, మెట్టింది తెలంగాణా జిల్లాల్లోనే, మద్రాసుకు పోయి కొన్నేళ్ళయిందంది. కారు కదలగానే మామను అడిగింది.

"నువ్వు ఎన్నాళ్ళ సంది ఈ ఊళ్ళె ఉంటున్నవ్ తమ్మీ?"

"పుట్టినకాడి నుంచి అమ్మా."

"అయితే అప్పుడు గూడ ఇక్కడ్నే ఉన్నవా?"

అప్పుడంటే ఎప్పుడని మామ అడగలేదు. "ఉన్న" అన్నాడు. కారు నయాపూల్ చేరింది.

వంతెన మీద కారు ఆపమంది. కింద మూసీ సన్నగా, నల్లగా పారుతోంది. చాలాసేపు చూసి, "ఇందుల పడ్డ మనిషి ఎక్కడ తేలుతడు?" అని అడిగింది. మామ ఉలిక్కిపడ్డాడు. చార్మినార్ దగ్గర ఆమె తల ఎత్తి చూడనే లేదు. మామ అరచెయ్యి చాపి చెబుతూ ఉంటే ఆమె కళ్ళు దారిన పోయే పడుచు మగవాళ్ళ ముఖాల మీద తిరుగుతున్నాయి. ఒకరి తర్వాత ఒకరిని, వదలకుండా. కొందరు ఇబ్బందిగా తల తిప్పుకున్నారు. ఒకతను నిలబడి, "క్యా దేఖ్‌రహే అమ్మా?" అని గట్టిగానే అడిగాడు. ఆమె చూపు అప్పటికే పక్కవాడి మీదికి పోయింది.

లాడ్ బజార్‌లో ఆమె ఒకడుగు ముందుండగా మామ నా చెవిలో అన్నాడు. "ఆమె చెయ్యి ఇడువకు బిడ్డా. ఆమె ఊరు చూడనీకి రాలే. ఎందుకొచ్చిందో గాని నాకు భయమైతుంది. ఆ సంచిల ఏముందో."

పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం ముందు ఆమె ఆగింది. తెల్ల చొక్కా ఒకటి కావాలంది.

"ఎవరికమ్మా?" అన్నాడు దుకాణదారు.

"నా కొడుక్కు."

"ఎంత పొడుగుంటడు?"

ఆమె చెయ్యి గాలిలోకి లేచింది. తన భుజం దగ్గర ఆగింది. మళ్ళీ తల మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

"తెల్వదయ్యా" అంది. "ఎంత ఎదిగిండో నాకు తెల్వది."

దుకాణదారు మామ వంక చూశాడు. మామ నేల చూశాడు. చేతికందిన చొక్కా ఒకటి కట్టించి ఆమెను కారు ఎక్కించాము. అప్పుడు చెప్పింది. భర్త జిల్లాలో వకీలు. లొల్లి ముదిరినప్పుడు ఇల్లు వదిలి అందరూ మద్రాసు పోయారు. ఇక్కడ కాలేజీలో చదువుతున్న కొడుకు మాత్రం, పరీక్షలున్నాయి, తర్వాత వస్తానని ఉండిపోయాడు. కిషన్‌బాగ్‌లో ఒక ముసలామె ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. తర్వాత కబురు లేదు. గొడవలు చల్లబడ్డాక తండ్రి వచ్చి వెతికాడు. గది ఖాళీ చేసి ఎటో పోయాడని ఆ ముసలామె చెప్పింది. ఎటు పోయాడో ఎవరూ చెప్పలేదు.

"ఆ ఇల్లు చూడాలె తమ్మీ."

"వాన వచ్చేటట్టుందమ్మా. విమానం..." అన్నాడు మామ.

"నన్ను ఈ ఊరికి రానియ్యడు మా ఆయన. ఇన్నేండ్లు రానియ్యలే. ఈ విమానం నా కోసమే చెడిపోయింది. నువ్వు తీస్కపోకుంటె నేను దిగి నడుస్త."

మామ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత డ్రైవరు భుజం తట్టి, "పురానాపూల్ దిక్కు తిప్పు భాయ్" అన్నాడు.

బహదూర్‌పురా దాటేసరికి ఆకాశం పూర్తిగా నల్లబడింది. గల్లీ మొదట్లో డ్రైవరు కారు ఆపేశాడు. "అందర్ నై జాతీ సాబ్" అన్నాడు. కారు పోయేంత జాగా ఉంది. మేము దిగి నడిచాము. మూలమీది చాయ్ హోటల్లో మాటలు ఆగిపోయాయి. మా వెనక ఒక కిటికీ మూసుకుంది, ఆ తర్వాత ఇంకొకటి. హోటల్లోంచి ఒక గళ్ళ లుంగీ మనిషి లేచి, మా వెనకే, తొందర లేకుండా రాసాగాడు. నా చేతిలో ఆ తల్లి చెయ్యి చల్లగా, బిర్రుగా ఉంది. మామ గొడుగును కర్రలా పట్టుకున్నాడు.

ఆమె చెప్పిన గుర్తులున్న ఇంటి ముందుకు రాగానే మామ ఆగాడు. "మగోణ్ణి నేను తలుపు కొడితే తెరువరు. పోలీసనుకుంటరు. మీరిద్దరు పోండ్రి. నేనీడ నిలబడ్త." తర్వాత ఆ లుంగీ మనిషికి అడ్డంగా తిరిగి, గల్లీ మధ్యలో నిలుచున్నాడు. ఆయన మోకాళ్ళు వణకడం నేను చూశాను. అయినా కదల్లేదు.

తలుపు తెరిచిన ముసలామె మమ్మల్ని ఎగాదిగా చూసింది. ఆ తల్లి ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది. అంతే. ముసలామె దవడ వణికింది.

"తల్లివా?" అంది. "కండ్లు గవ్వే." పక్కకు జరిగి, "అందర్ ఆవ్" అంది.

ఉర్దూలో, మధ్యమధ్య తెలుగు కలుపుతూ ఆమె చెప్పింది. ఆ రోజుల్లో ఆ అబ్బాయికి విడవని జ్వరం పట్టింది. బయట తుపాకులు, కర్ఫ్యూ. హకీమును గోడ మీదినుంచి దింపి తెచ్చారు. జ్వరం తగ్గలేదు.

"పోయిండు" అంది ముసలామె. "నా చేతుల్నే పోయిండు."

ఆ తల్లి సంచీ వదల్లేదు. "ఎవరన్న కొట్టిన్రా? నిజం చెప్పు."

"లేదు. అల్లా సాక్షి. జ్వరమే."

"ఎక్కడ కాలవెట్టిన్రు?"

ముసలామె నా వంక చూసింది. ఆ గదిలో గాలి లేదు.

"కాల్చలే" అంది చివరికి. "శవం రెండు దినాలు ఇంట్లనే ఉండె. బయటికి ఎట్ల తీస్కపోతం? మా గల్లీ పిలగాండ్లు నలుగురు చీకట్ల మోసి, మా కబరస్తాన్‌ల, నా మొగని పక్కన పెట్టిన్రు. మీవోడని ఎవరికీ చెప్పలే. చెప్తే మోసినోళ్ళ పానాలు పోతుండె. తర్వాత మీ ఆయన పోలీసును ఎంట తెచ్చుకుండు. ఇగ నోరెట్ల తెరుస్త? ఎల్లిపోయిండని చెప్పిన. ఆ మాట ఇయ్యాళ్ళటి దాక నా గొంతుల అడ్డంపడే ఉన్నది."

ఆ తల్లి అరుస్తుందని, ఆ ముసలామె మీద పడుతుందని నేను అనుకున్నాను. ఆమె పట్టుకోవడానికి ఏదో వెతుకుతున్నట్టు చేతులు చాచింది. ముసలామె ఆ చేతుల్ని అందుకుంది.

"ఆఖరికి ఏమడిగిండు?"

"పచ్చిపులుసు అడిగిండు. నాకు చేయరాదాయె. చింతపండు పిసికి ఉప్పేసి ఇచ్చిన. తాగి, మా అమ్మ చేసినట్టే ఉంది అన్నడు. నా మనసు నొవ్వొద్దని అన్నడు. అంత మంచోడు."

అప్పుడు ఏడ్చింది ఆ తల్లి. ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలీదు. బయటికి వచ్చేసరికి మామ ఆ లుంగీ మనిషితో మాట్లాడుతున్నాడు. ఆ మనిషి ముఖం పాలిపోయి ఉంది. పాడె మోసిన నలుగురిలో అతను ఒకడు. పోలీసులు వచ్చారేమోనని మా వెంట నడిచాడట. మామ ఎంత భయపడ్డాడో, అతనూ అంతే భయపడ్డాడు.

అతనే ముందు నడిచి దారి చూపించాడు. రాతి పలక కూడా లేని మట్టి దిబ్బ. చుట్టూ సీతాఫలం పొదలు. ఆ తల్లి కూర్చుని, సంచీ తెరిచి, కొడుకు పాత ఉత్తరాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లవాడి నుదురు నిమిరినట్టు, ఆ మట్టిని నిమిరింది. గాలి లేచింది, దుమ్ము మా కళ్ళలో పడింది. విమానం వేళ మించిపోతోంది. ప్రయాణికుణ్ణి వేళకు చేర్చడం దగ్గర ఎప్పుడూ మాట పడని మామ గడియారం చూడలేదు. గొడుగు విప్పి ఆమె తలమీద పట్టాడు. మొదటి చినుకులు పెద్దవిగా, దూరం దూరంగా రాలాయి.

లేచేముందు ఆమె అంది. "మా ఆయనకు ఇది నేను చెప్పను. కాల్చలేదని తెలిస్తే ఆ మనిషి బతకడు. మీరు గూడ ఎవ్వరికీ చెప్పొద్దు. ఏడాదికోసారి నువ్వొచ్చి సూడు తమ్మీ."

"నేనున్నన్ని నాళ్ళు సూస్తనమ్మా" అన్నాడు మామ.

కొత్త చొక్కా ముసలామె చేతిలో పెట్టి వచ్చేసింది. బేగంపేట చేరేసరికి విమానం పంకాలు తిరుగుతున్నాయి. ఆమె తడిసిన చీరతో పరుగెత్తి ఎక్కింది. ఉరుముల్లోకి విమానం లేచిపోతుంటే మామ కంచె పట్టుకుని నిలబడ్డాడు. నాగపూరు చేరానని ఆమె తంతి వచ్చేదాకా ఆయనకు అన్నం సహించలేదు. ఆ తంతిలో మనవడు పుట్టాడని కూడా ఉంది. మామ చదివి, మడిచి, "పేరు ఏం పెడ్తరో" అన్నాడు. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. పోయిన మేనమామ పేరు పెట్టాలంటే, అతను పోయాడని ఆ ఇంట్లో చెప్పాలి.

చాలా రోజులకు ఒక మాట చెప్పాడు. ఆ పాత రోజుల్లో, దొరకకుండా పోయిన స్నేహితుడి కోసం ఆయన గల్లీ గల్లీ తిరిగి తలుపులు కొట్టాడట. ఒక్కటీ తెరుచుకోలేదట. "ఆళ్ళు చెడ్డోళ్ళని ఇన్నేండ్లు కోపం పెట్టుకున్న బిడ్డా. లోపల ఆళ్ళు గూడ వణుకుతుండిరేమో. గా ముచ్చట నాకు తట్టనే లేదు."

మాట ప్రకారం ఏటా పోయాడు. ఊళ్ళో చిన్న గొడవ జరిగినా ముందు అటు పోయి చూసి వచ్చేవాడు. ఏ ఏడాదీ నిబ్బరంగా పోలేదు. బయల్దేరేముందు నీళ్ళు తాగేవాడు, గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చేవాడు. ధైర్యం అంటే వణకకపోవడమని నేను పిల్లలకు చెప్పేదాన్ని. మామను చూశాక మానుకున్నాను.

ఆయన పోయి నెల కాలేదు. పోయిన శుక్రవారం నేను ఒక్కదాన్నే కిషన్‌బాగ్ వెళ్ళాను. ముసలామెకు చూపు బాగా మందగించింది. కూజా పట్టుకుని నా భుజం ఆసరాతో కబరస్తాన్ దాకా నడిచింది. "మీ మామ ఏడి?" అని అడిగింది. నా భుజం మీది ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా వేళ్ళు తడిమి, "పోయిండా?" అంది. ఆ దిబ్బ మీద సగం నీళ్ళు పోసింది. తర్వాత చేత్తో తడుముకుంటూ నాలుగడుగులు పక్కకు జరిగి, ఎవరూ లేని ఉత్త నేల మీద మిగతా సగం పోసింది. పశ్చిమాన మబ్బు గుర్రుమంటోంది. ఆ ఎండిన నేల నీళ్ళను వెంటనే తాగలేదు. తడి మరక నల్లగా, నిదానంగా, ఒక మనిషి పడుకునేంత వెడల్పున పరుచుకుంటూ పోయింది.