బరువెక్కితేనే వినిపించే చప్పుడు

మలక్‌పేట మోటారు షెడ్డులో నేను డ్యూటీలో చేరిన రోజు ముసురు. పిక్కల దాకా బురద. బర్మా వైపు యుద్ధం నడుస్తోంది. నా చేతికిచ్చినవి ఒక పానాల సంచి, ఒక గ్రీజు డబ్బా, రెండు అంబులెన్సులు. యాకుత్‌పురా స్టేషన్లో దింపిన గాయపడ్డ సిపాయిలను ఆస్పత్రికి చేర్చాలి. ఊరు దాటని సిపాయినని శాలిబండలో మావాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. అననివ్వండి.

రెండో బండి గుంటలో పడ్డప్పుడల్లా వెనక టక్కుమంటోందని దాని డ్రైవర్ చెప్పాడు. ఖాళీగా తిప్పి చూశాం. చప్పుడు లేదు. బరువు కోసం నేను స్ట్రెచర్ ఎక్కబోతే డ్రైవర్ రెక్క పట్టుకుని ఆపాడు.

"ఆడ పండకు భాయ్. బాగున్నోడు పండితే కీడైతది."

షెడ్డులో అందరికీ ఆ పట్టింపు ఉంది. గ్రీజు పెట్టి బండిని పంపేశాం.

మర్నాడు రైలొచ్చింది. నడుములో తూటా దిగిన సిపాయి ఒకడు, మన భాషవాడే. నేను రెండో బండి వెనక అతని పక్కన కూర్చున్నాను. టక్కుమన్నప్పుడల్లా కేక పెట్టాడు.

"అన్నా, సప్పుడు నా నడుము కిందనే అయితుంది. జర బండి ఆపుమను."

నేను ముందుకు అరిచాను. డ్రైవర్ ఆపలేదు.

"ఎట్ల ఆపాలె? ఒళ్లు కాలిపోతుంది ఆయనకు. జల్ది డాక్టర్ కాడికి పోవాలె!"

అదీ నిజమే. రెండు చేతులూ అతని నడుము కింద పెట్టాను.

"గిట్ల బాగుందా?"

"బాగుందన్నా. తియ్యకు."

దెబ్బలు నా చేతుల మీద పడ్డాయి. కాసేపటికి మూలుగు ఆగింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆస్పత్రిలో బండి తలుపు తీసిన కాపలా సిపాయి గాయపడ్డవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "పానం పోయింది భాయ్," అన్నాడు.

ఆ సాయంత్రం ఎవరి మాటా వినకుండా అదే స్ట్రెచర్ మీద పడుకున్నాను. డ్రైవర్ బండి నడిపాడు. చప్పుడు కుడి వెనక చక్రం మీద బరువు మోసే ఇనప పట్టీల కమానుది. పట్టీలను కలిపి ఉంచే నడిమి బోల్టు తెగింది. బరువు పడితేనే పట్టీలు జరిగేవి. అరగంటలో మార్చేశాను. ఆ సిపాయి ఎలాగూ బతికేవాడు కాదని డాక్టర్ అన్నాడు. కానీ ఆ బోల్టు ముందే మార్చి ఉంటే అంత బాధ పడకుండా పోయేవాడు. ఆ ఏడుపు నాకింకా తీరలేదు.

యుద్ధం ముగిశాక శాలిబండకొచ్చి షెడ్డు పెట్టాను. ఎవరి మోటారొచ్చినా వెనక నేనే కూర్చుని చప్పుడు వింటాను.

ఆస్పత్రి గేటు దగ్గర బండి ఆగిన క్షణం మాత్రం నన్ను వదలదు. అతనికి కన్నంటుకుందనుకున్నాను. లేస్తాడేమోనని, వెచ్చటి ఆ నడుము కింది నుంచి చేతులు ఒక్కో వేలే మెల్లగా తీసుకున్నాను.