రేకు చేపకు సంగటి

ఆ రోజుల్లో మా కళ్యాణదుర్గం వైపు దెయ్యాన్ని చూశానంటే నమ్మేవారు, చిరుతపులిని చెప్పుతో కొట్టానన్నా సగమైనా నమ్మేవారు గాని, నీళ్ల గురించి గొప్పలు చెప్పేవాణ్ణి మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు. నాలుగైదేళ్లకొకసారి నిండే చెరువును చూస్తూ పెరిగినవాళ్లం, మా ఊహ అంతకంటే లోతుకు దిగేది కాదు. పందొమ్మిదివందల యాభైల చివర్లో నేను అక్కడొక పల్లెలో కొత్తగా బడిపంతులుగా చేరాను. ఆ ఊరి అల్లుడైన నా చిన్ననాటి స్నేహితుడికి సరిగ్గా ఈ నీళ్ల కష్టమే వచ్చిపడింది. దాన్ని తీర్చబోయి నేను చేసిన నిర్వాకం చెప్పుకుంటే ఇప్పటికైనా కొంత బరువు తగ్గుతుందేమోనని ఆశ. (పెద్ద నమ్మకమేమీ లేదు.)

వాడు సముద్రపు ఒడ్డున ఒక హార్బరులో పనిచేసేవాడు కాబట్టి ఊరంతా వాణ్ణి హార్బరు అనే పిలిచేది. పెళ్లయి ఏడాదైంది. భార్యను తీసుకుపోవడానికి సెలవు పెట్టి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, అక్కడ తమకిచ్చిన ఇంట్లో గోడకే కొళాయి ఉందని, తిప్పితే నీళ్లొస్తాయని మామతో చెప్పాడు.

"గోడలో నీళ్లా? గోడలోకి ఎవరు పోస్తారప్పా?" అన్నాడు మామ.

"పైపులో వస్తాయి మామా."

"పైపులోకి యాడనుంచి వస్తాయి?"

"ట్యాంకులోనుంచి."

"ట్యాంకులోకి?"

హార్బరుకు అంతవరకు తెలియదు. వాడు నీళ్లు నమలడం చూసి మామ నావైపు తిరిగాడు. "చూసినావా అయివారూ, బిడ్డను పంపిస్తే ఈయప్ప గోడకు కడవ ఆనించి కూర్చోబెడతాడు."

పోయిన పరువు నిలబెట్టుకోబోయి హార్బరు ఇంకా పెద్ద మాట అన్నాడు. అక్కడ ఏరు సముద్రంలో కలిసే చోట తాను ఎర లేకుండా, వట్టి రేకుతో చేపలు పడతానన్నాడు. జేబులోంచి తీసి చూపించాడు కూడా. గరిటె ముక్కలా కొంచెం గుంటగా, తళతళలాడే వేలెడు రేకు చేప, తోక దగ్గర కొక్కెం. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పేశాడు: "ఈ రేకుతో మన చెరువులో ఒక్క చేపను పట్టి చూపీ. గోడలో నీళ్లు కూడా నమ్ముతా. బిడ్డను రేపే బస్సెక్కిస్తా."

ఆ ఏడు అదృష్టవశాత్తు చెరువు నిండింది. మర్నాడు తెల్లవారగానే, వాన నీళ్ల వంక వచ్చి చెరువులో కలిసే చోటికి ఇద్దరం చేరాం. వాడు నీళ్లలోని బండ మీద నిలబడి పొడుగాటి వెదురు గడతో రేకును విసురుతాడు, లాగుతాడు, కొక్కేనికి చిక్కిన నాచుతో సహా దాన్ని వెనక్కి నా చేతికి వదులుతాడు. నేను నాచు తీసి "ఊ" అనాలి. అంతే నా పని. రెండుసార్లు అలాగే చేశాను. మూడోసారి ఆ రేకును చూస్తే నాకు జాలేసింది. కరువు ఊరి చేప, ఏమీ లేని రేకును ఎందుకు కరుస్తుంది? వాడి కాపురం దీని మీద ఉంది గదా! చెల్లెమ్మ (వాడి భార్యను నేను అలాగే పిలిచేవాణ్ణి) మా ఇద్దరికీ గుడ్డలో కట్టిచ్చిన రాగిసంగటి పక్కనే ఉంది. బొటనవేలంత తీసి రేకు గుంటలో మెత్తి "ఊ" అన్నాను.

"ఇదేందిరా, ఇట్ల రాయి మాదిరి మునుగుతాంది? ఇది చేపపిల్ల మాదిరి నీళ్లలో ఆడల్ల!" అని వాడు తికమకపడ్డాడు. లాగేసరికి సంగటి కరిగిపోయేది. నేను మళ్లీ మెత్తేవాణ్ణి. మధ్యలో మామ, ఆయన వెంట నలుగురు వచ్చి గట్టు మీద కూర్చుని, ఎండెక్కే దాకా చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నా వంతు సంగటి అయిపోయింది, వాడి వంతూ అయిపోయింది.

"ఆకలైతాంది, సంగటి ఈరా" అన్నాడు.

"నేనే తింటిరా" అన్నాను.

వాడు నన్నొకసారి చూసి వట్టి రేకును విసిరాడు. రెండో విసురుకే గడ వంగిపోయింది. మోచేతి పొడవు కొరమీను! బండ మీద పడి ఎగురుతుంటే, దాని మీద వాడు, వాడి మీద నేను పడ్డాం.

ఇంటికి తెస్తే, నోట్లో రేకు అలాగే ఉన్న చేపను మామ చాలాసేపు చూశాడు. చివరికి లోపలికి తిరిగి, "పెట్టె సర్దుకోమ్మా" అని కేక వేశాడు. హార్బరు ముఖం వెలిగిపోయింది. అప్పుడు మామ ఊరికే అడిగాడు, "మరి పొద్దున్నుంచి ఎందుకు పడలేదప్పా?"

ఎవరూ నన్ను అడగలేదు. నాకే లోపల ముల్లులా గుచ్చుకుంటోంది. "నా తప్పే మామా. రేకుకు నేను సంగటి పెట్టినా" అన్నాను.

మామ తొడ చరిచాడు. "అట్ల చెప్పు సామీ! సంగటికి పడిందన్న మాట!"

"కాదు మామా, సంగటి ఉన్నంతసేపు పడలేదు. అయిపోయినాక పడింది."

"అయిపోయినాక ఎందుకొస్తుంది? మనిషైనా సంగటి అయిపోతే లేచి పోతాడు గాని వస్తాడా?"

అసలు నాకే అనుమానం వచ్చింది: పొద్దున్నుంచి నేను పెట్టిన సంగటికి అలవాటుపడే ఆ చేప అక్కడికి చేరిందేమో! హార్బరు మాత్రం నన్నే చూస్తూ, "నేనే తింటి అంటివి గదరా?" అన్నాడు. ఇంత జరిగాక వాడికి మిగిలిన ప్రశ్న అదొక్కటే.

లోపల పెట్టెలోంచి చీరలు తిరిగి దండెం మీదికి వచ్చాయి. హార్బరు మర్నాడు ఒంటరిగానే బస్సెక్కాడు. చెల్లెమ్మ ఆ గోడను చూడడానికి ఇంకో ఏడాది పట్టింది. నిజం చెప్పానని ఆ వేళ కొంచెం గర్వపడిన మాట కూడా దాచను. నా బరువు దించుకోవడానికి వాడి నెత్తిన పెట్టానని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ మధ్యాహ్నం పట్టినవాడికే తల అని మామ చేప తలను నా ఆకులో వేయించాడు. హార్బరుకు తోక వచ్చింది. వడ్డిస్తూ చెల్లెమ్మ మెల్లగా, "ఇంగ అరగంట ఆగి చెప్పింటే పెట్టెకు బీగమన్నా ఏసుకొనింటినే అన్నా" అంది. కాసేపటికి తనే, "కూర బాగుండాదా?" అని అడిగింది. ఇరవై రెండేళ్ల పంతుల్ని, మళ్లీ నిజం చెప్పడానికి భయమేసి "ఏమోమ్మా" అన్నాను.

ఇన్నేళ్లకు చెబుతున్నా: చాలా బాగుందమ్మా.