జపాన్ లాంతరు మీద నా నెమలి

నేను అబద్ధమాడుతున్నానని అనిపించినోళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి. తర్వాత ఎత్తితే ఊకోను. ఎవరూ ఎత్తలేదు గదా? అయితే వినండి. మొన్న నేను జపాన్‌తోని దండం పెట్టించుకున్న. బదులు నేనెన్ని దండాలు పెట్టిన్నో మాత్రం అడగొద్దు.

నల్లకుంట నుంచి హబ్సిగూడ దాకా ఒకప్పుడు నా కుంచె తగలని షాపు బోర్డు లేదు. నేనేసిన పులిని చూసి బర్రెలు రోడ్డు దాటేవి కావు. ఫ్లెక్సీలొచ్చినంక కుంచెలు డబ్బాల పెట్టి కూర్చున్న. మా మనవరాలు స్రవంతి యూనివర్సిటీల జపాన్ భాష నేర్చుకుంటున్నది. వాళ్ల క్లాసుకు జపాన్ మేడమ్ ఒకామె వచ్చింది. కాగితం లాంతర్ల మీద చేత్తో బొమ్మలేసుడు వాళ్లింట్ల తాతల నాటి పని. సాయంత్రం ఫంక్షన్‌కు హాలు గుమ్మంల కట్టే పెద్ద లాంతరు ఒక్కటే ఉన్నదట, దాని మీద బొమ్మెవరేస్తరని అడిగిందట. "మా తాత వేస్తడు" అని స్రవంతి క్లాసంతటి ముందట మాటిచ్చి వచ్చింది. ఇంకేముంది, పిల్ల పరువు నా కుంచె కొసకు వేలాడుతున్నది.

నేను వాళ్ల క్లాసురూముకు పోయేసరికి టేబుల్ మీద గుమ్మడికాయంత లాంతరు నిలబడి ఉన్నది. లోపల సన్నటి వెదురు బద్దల చుట్లు, పైన తెల్ల కాగితం. మేడమ్ గిన్నెలల్ల నీళ్ల రంగులు పెట్టి, ఇవే వాడాలని స్రవంతితోని చెప్పించి, పక్క రూముల పిల్లల చిన్న లాంతర్లు చూడపోయింది. స్రవంతి కూడ ఆమె ఎంబడే పోయింది.

ఆ బద్దల మీద కుంచె నడుపుడంటే స్పీడ్ బ్రేకర్ల మీద స్కూటర్ నడిపినట్టే. ఆ నీళ్ల రంగేమో మా ఇంటి మజ్జిగ కన్నా పల్చగున్నది. నా సంచిల బోర్డులకేసే ఎనామిల్ డబ్బాలున్నయ్. తార్నాక మెరుపు ఏందో జపాన్‌కు కూడా తెలవాలె గదా! నెమలిని దింపిన. ఏం నెమలి అది! క్యాంపస్ చెట్లల్ల తిరిగే అసలు నెమలి ఒకటి కిటికీ దగ్గరికొచ్చి చూసి, తోక ముడుచుకొని వెళ్లిపోయింది.

మేడమ్ వచ్చింది. చూసింది. నడుం వంచి దండం పెట్టింది. నేనూ వంచిన. తర్వాత లాంతరుకు పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి, నవ్వుకుంటనే నొక్కేసింది. గుమ్మడికాయంత లాంతరు అప్పడమైంది.

నాకేం సమజ్ కాలే. నచ్చకపోతే నచ్చలేదనాలె. దండం పెట్టి నలిపేసుడేంది? వాళ్ల దేశంల ఛీ కొట్టుడు ఇంత మర్యాదగా ఉంటదా? స్రవంతి ఏదో చెప్పబోయింది, నేను వింటేగా. సంచి భుజానేసుకొని ఆటో ఎక్కి తార్నాక చౌరస్తా దగ్గర మల్లేశ్ ఛాయ్ కొట్టుకు చేరిన. నా పనితనం చూసి జపాన్‌కు కండ్లమంట పుట్టిందని మల్లేశ్‌కు అర్థమయ్యేటట్టు చెప్పిన.

ఛాయ్ సగం కాకముందే ఇంకో ఆటో ఆగింది. స్రవంతి దిగింది, వెనక మేడమ్, ఆమె చేతిల నా అప్పడం. మేడమ్ వచ్చుడు వచ్చుడే వంగింది. నేను తక్కువ తిన్ననా, ఇంకా కిందికి వంగిన. ఆమె మళ్లీ వంగింది. మల్లేశ్‌కు ఏం తోచక, చేతులు తుడుచుకొని అతనూ వంగిండు.

"ఎందుకలిగినవ్ తాతా?" అన్నది స్రవంతి. "అది మడిచేటి లాంతరే. దుమ్ము పడకుండ సాయంత్రం దాకా మడిచి పెడతరు. నిన్నేమన్నా అవమానించిన్నా అని మేడమ్ బుగులు పడుతున్నది."

"అట్లనా? మరి తెరువున్రి."

"అదే తెరుచుకుంటలేదు, రంగు ఆరక మడతలు అంటుకున్నయ్. నీళ్ల రంగైతే ఎప్పుడో ఆరిపోతుండె. ఏం రంగేసినవ్ నువ్వు?"

నేను మెట్రో పిల్లర్ దిక్కు చూసిన. మేడమ్ లాంతరును ముక్కు దగ్గర పెట్టుకొని, నా సంచి దిక్కు చూసింది.

మల్లేశ్ బెంచీ మీదనే ఆపరేషన్ అయింది. అటు మేడమ్, ఇటు నేను, మెల్లమెల్లగ గుంజినం. తోక వచ్చింది, రెక్కలొచ్చినయ్. తల కాడ పర్రుమన్నది. మెడ, కిరీటం రెండూ చిరిగిపోయినయ్. స్రవంతి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్; మాటిచ్చింది ఆమె గదా. మేడమ్ తన సంచిల నుంచి కాగితం, జిగురు తీసి, చిరిగిన కాడ తెల్లగ అతికిచ్చింది.

"తల నేనే మళ్లేస్తా" అని కుంచె తీసిన. మేడమ్ నా చేతిల కుంచెను మెత్తగ తీసుకొని వీపు వెనక పెట్టుకున్నది. నవ్వుకుంట ఏదో అన్నది.

"ఆమె కూడా ఒకసారి ఇచ్చిన రంగు వదిలేసి వేరే రంగేసిందట" అన్నది స్రవంతి.

"చూసినవా బిడ్డా? పెద్ద పెద్ద కళాకారులకు అందరికీ..."

"అప్పుడు ఆమెకు ఏడేండ్లట తాతా."

సాయంత్రం హాలు గుమ్మంల లాంతరు వెలిగింది. స్రవంతి మైకు పట్టుకొని, దాచకుండ, "ఇది మా తాత వేసిండు" అన్నది. జనం తలలు పక్కకు వంచి వంచి చూసిన్రు. తలకాయేదని ఒక ప్రొఫెసర్ అడిగిండు. "జపాన్ పద్ధతి సార్" అన్న.

ఫంక్షనైనంక లాంతరును మేడమ్ ఛాయ్ కొట్టుకు బహుమానంగ ఇచ్చింది. ఇప్పటికీ ఆడనే వేలాడుతున్నది. నమ్మకం లేకపోతే పోయి చూడండి, మొత్తానికి సాక్షి ఉన్నడు. అన్నీ ఉన్నదున్నట్టు చెప్తడు. ఒక్క బొమ్మ కాడనే తప్పుతడు, నెమలిని పట్టుకొని కోడి అంటడు, మా మల్లేశ్.