ఆముదం వాసన వచ్చిన చక్రం

నిన్న ఇంటి ముందు కారు చక్రం ఊడదీసి కొత్త బ్రేకు ప్యాడ్లు వేస్తుంటే గుప్పున ఆముదం వాసన వచ్చింది. నా చేతిలో ఉన్నది బ్రేకు గ్రీజు. ఇంట్లో ఆముదం చుక్క కూడా లేదు. అయినా సైదులు మామ గుర్తొచ్చాడు.

నేరేడుచర్ల దగ్గర మా ఊళ్లో పక్కింటి మామ కిరాయి కారు నడిపేవాడు. మా పాత కారు బ్రేకులూ ఆయనే చూసేవాడు. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. "ఈ పిన్నులు జారాలె, వీటికి గ్రీజు పెట్టు. ప్యాడు చివర్లకు జరంత. డిస్కును పట్టే ముఖానికి మాత్రం తాకనియ్యకు బిడ్డా, బండి ఆగది" అనేవాడు. ఆయనంత పిరికి డ్రైవరును నేను చూడలేదు. పెడలు గట్టిపడేదాకా తొక్కి, వాకిట్లోనే ముందుకూ వెనక్కూ నడిపి, ఆగుతుందని తేలితేనే తాళంచెవి ఇచ్చేవాడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకసారి అలా మా కారుకు కొత్త ప్యాడ్లు వేసిన మర్నాడే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మిర్యాలగూడ దవాఖానకు పోవాలి. అక్కను వెనక సీట్లో కూర్చోబెట్టాం. మామ తలుపు తీయబోయి ఏదో వాసన తగిలి ఆగాడు. వంగి ముందు చక్రంలోకి చూశాడు.

"ఆముదం ఎవరు పోసిండ్రు?"

"నేనే" అన్నాడు నాన్న. ఎన్నో ఏళ్లు ఎడ్లబండి తోలిన మనిషి. ఇరుసు కీచుమంటే ఆముదం పోయడమే ఆయనకు తెలుసు. "పొద్దున బండి తీసి సూస్తే చక్రం కీసుమన్నది. బిడ్డ కడుపుతోటి ఉన్నది, సప్పుడెందుకని పోసిన."

మామ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఈ బండి కదలది."

అక్క మూలుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. "మెల్లగ పోదాం మామా, అక్కను సూడు" అని ఏడ్చాను.

"సూస్తున్న గనుకనే" అని రోడ్డు మీదికి పరుగెత్తాడు. నిండుగా పోతున్న షేర్ ఆటోకు అడ్డం నిలబడి చేతులు జోడించాడు. జనమంతా మూటలతో సహా దిగారు. అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్న నాకు దారి తెగలేదు. ఏమన్నా అయితే ఈ మనిషిని జన్మలో క్షమించననుకున్నాను. దవాఖాన చేరిన కాసేపటికే పాప పుట్టింది.

మామ నాన్నను ఒక్క మాట అనలేదు, ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. డిస్కు శుభ్రంగా తుడిచి, మళ్లీ కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు నాన్ననే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "జారేకాడ జారాలె, పట్టేకాడ పట్టాలె, అంతే బావా" అన్నాడు. నాన్న తల ఊపుతూ కళ్లు తుడుచుకున్నాడు.

మామ ఇప్పుడు లేడు. నిన్న నా పని అయిందో లేదో, ఆనాడు పుట్టిన అక్క కూతురు వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

"పోదాం చిన్నమ్మా."

"దిగు. ముందు నేనొక్కదాన్నే ఆపి సూస్త."

పిల్ల గడప మీద కూర్చుని నన్ను చూసి నవ్వింది. పెడలు గట్టిపడేదాకా తొక్కాను. బండి ఆగింది. నా కాలి వణుకు మాత్రం ఆగలేదు. అది ఎప్పటికీ ఆగకూడదనే నా కోరిక.