పిన్నమ్మ మొక్కు

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోసేవాణ్ణి. దోమ కుడితే ఏనుగు పొడిచిందని రాసి, ఆ ఏనుగుకు ఆరు దంతాలు తగిలించి, జనాన్ని నవ్వించి బతికినవాణ్ణి. అయినా ఈ ఒక్క సంగతి ఇన్నేళ్ళూ గుండెల మీద రోకలిబండలా పడి ఉంది. ఎంత బరువంటే... వద్దు. దీన్ని పెంచను.

మద్రాసులో ట్రాములు ఇంకా తిరుగుతున్న రోజులు. రాయపురంలో మా పక్క వాటాలోనే మా పిన్నమ్మ ఉండేది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు గోవిందు, హార్బరులో గుమాస్తా. వాడికి విషజ్వరం వచ్చి స్పృహ తప్పింది. పిన్నమ్మ ఏడుస్తూ అమ్మవారి పటం ముందు మొక్కుకుని అన్నం మానేసింది. ఆ మొక్కు విన్నది నేనొక్కణ్ణే. ఊరుకున్నానా? మా వారపత్రికకు రాశాను. బిడ్డ బతికితే తన ప్రాణం ఇస్తానని తల్లి మొక్కుకుందని. ఆమె ముఖం చుట్టూ వెలుగు కనిపించిందని. ట్రాము డ్రైవరు బండి ఆపి దండం పెట్టాడని. వాడు బండి ఆపింది పట్టాల మీద పడుకున్న ఎద్దు కోసం.

జనం వచ్చారు. దండలు వేశారు. దేవుడికిచ్చే కర్పూర హారతి బతికున్న మనిషికి ఇచ్చారు! హారతి అందుకున్న మనిషి మర్నాడు గంజి ఎలా అడుగుతుంది?

తొమ్మిదో రోజు గోవిందుకు జ్వరం దిగింది. వాడింకా మంచం మీద లేచి కూర్చోలేడు. ఆ మధ్యాహ్నం పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాయనా, బిడ్డకు తగ్గింది గదా. ఇంక రవంత గంజి తాగితే ఏమి? ఆడ కూర్చున్నోళ్ళు, నువ్వు తాగితే జొరం మళ్ళీ వస్తాది అంటా ఉండారు. ప్రాణం ఇస్తానని అంటినా నేను? నాకు గ్యాపకం లేదే. నువ్వు పక్కనే ఉంటివి గదా, చెప్పు."

బయట నా పత్రిక చేతుల్లో పట్టుకున్న జనం. నన్ను చూసి దారిచ్చే జనం. నేనేమన్నాను?

"అన్నావు పిన్నమ్మా."

"సరి. అంటే అన్నట్టే. బిడ్డ ప్రాణంతో ఆటలా?" అని చెయ్యి వదిలేసింది.

మూడు రోజులకు పోయింది.

త్యాగమట! ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆకలేసిన మనిషి చుట్టూ కూర్చుని, కడుపు నిండా తిని వచ్చి భజన చేసి, గుక్కెడు గంజి అందనివ్వకుండా చంపి, దానికి త్యాగమని పేరా? అమ్మవారు అడిగిందా ఆ ప్రాణం? వాళ్ళను తిట్టడం సులువు. తిడుతూనే ఉన్నాను ఇన్నేళ్ళుగా, నన్ను నేను తిట్టుకోకుండా తప్పించుకోవడానికి. వాళ్ళ చేతికి ఆ కర్పూరం ఇచ్చింది ఎవడు?

గోవిందు నా వ్యాసానికి అద్దం కట్టించి, తల్లి ఫొటో పక్కన పెట్టుకుని రోజూ దండం పెడతాడు. పెళ్ళి మాట ఎత్తితే, "అమ్మ ప్రాణం తిని బతికినోణ్ణి, నాకేంటికి అన్నా, సుఖం?" అంటాడు. వాడు ఇది చదువుతాడు. చదవాలి.

ఇంతకీ నేను కల్పించింది ఏదంటారా? వెలుగు కల్పించాను. డ్రైవరు దండం కల్పించాను. అవి పోనివ్వండి. ఆ రోజు పటం ముందు పిన్నమ్మ అన్నది ఇంతే: "నా బిడ్డకు జొరం దిగేదాకా అన్నం ముట్టను తల్లీ."

ప్రాణం అన్న మాట ఆమె నోట రాలేదు. అది నేను రాసింది.